క్షమింపబడినవాడు ఎక్కడ కూర్చుండవలెను?

(శ్రమకాల ధ్యాన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ సంవత్సరమున మనము దేవుని మేలులను లెక్కించుకొనుచున్నాము. కట్టిన దేవాలయములు, నడిపిన పాఠశాలలు, బాప్తిస్మము పొందిన కుటుంబములు, ఇవన్నియు లెక్కకు వచ్చుచున్నవి. ఈ సాయంకాలము మాత్రము లెక్కకు రానివారిని గూర్చి తలంచుదము. పాపములో పడి, సిగ్గుపడి, మన మధ్యనుండి మెల్లగా తప్పుకొనినవారు ప్రతి సంఘములోను ఉన్నారు. వారు దేవుని యొద్దకు తిరిగి రాగలరా? వచ్చినయెడల మన మధ్య ఎక్కడ కూర్చుందురు?

దావీదు రాజు సంగతి మనకందరకు తెలిసినదే. సమూయేలు రెండవ గ్రంథము 11, 12 అధ్యాయములలో అది వ్రాయబడియున్నది. ఊరియా భార్యను తీసికొనెను. దానిని కప్పిపుచ్చుటకై ఊరియాను యుద్ధములో చంపించెను. నెలలు గడచినవి. బిడ్డ పుట్టెను. రాజు నోరు విప్పలేదు. పాపము చేయుట ఒక యెత్తు, దానిని దాచుకొని ఏమియు జరుగనట్లు తిరుగుట మరియొక యెత్తు. ఈ రెండవ దానిలోనే మనము ఎక్కువ కాలము గడుపుదుము.

అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి, బీదవాని ఒకే ఒక గొఱ్ఱెపిల్లను లాగుకొనిన ధనవంతుని కథ చెప్పెను. దావీదు మండిపడి, నాలుగంతలు తిరిగి ఇవ్వవలెనని తీర్పు చెప్పెను. ఆ ధనవంతుడు తానేయని తెలిసినప్పుడు ఆ తీర్పు ఆయన మెడకే చుట్టుకొనెను. గొఱ్ఱెపిల్లకు నాలుగు గొఱ్ఱెలు ఇవ్వవచ్చును. ఊరియాకు బదులుగా ఏమి ఇవ్వగలడు? చెల్లించుటకు చేతిలో ఏమియు లేనివాడు దేవుని కరుణను మాత్రమే అడుగగలడు. దావీదు తాను యెహోవాకు విరోధముగా పాపము చేసితినని ఒప్పుకొనెను. సాకులు చెప్పలేదు. నెలలు దాచిన దానిని ఒక్క మాటలో బయట పెట్టెను. ఆ క్షణముననే ప్రవక్త క్షమాపణను ప్రకటించెను.

ఆ సందర్భమున దావీదు చేసిన ప్రార్థనగా 51వ కీర్తన మనకు అందియున్నది. అందులో ఆయన మూడు మాటలతో పాపమును పేర్కొని మూడు పనులు దేవుని అడుగుచున్నాడు. అతిక్రమమును తుడిచివేయవలెను, అనగా పద్దు పుస్తకములో వ్రాసినదానిని చెరిపివేసినట్లు. దోషమును కడుగవలెను. హీబ్రూ భాషలో ముఖము, చేతులు కడుగుకొనుటకు ఒక పదము, బట్టలు ఉతుకుటకు వేరొక పదము వాడుదురు. ఇచ్చట ఉన్నది ఉతుకు పదమే. మైలబట్టను నీటిలో ముంచి తీసిన చాలదు, త్రొక్కవలెను, బండపై బాదవలెను. మూడవది, పాపమునుండి పవిత్రపరచవలెను. ఇది కుష్ఠరోగి శుద్ధుడాయెనని యాజకుడు ప్రకటించి, పాళెములోనికి చేర్చుకొను సందర్భమున వాడు మాట.

ఈ మూడవ మాటను గమనించుడి. కుష్ఠరోగి శుద్ధుడగుట అనగా మచ్చ పోవుట మాత్రమే కాదు. వాడు వెలుపలినుండి తన జనుల మధ్యకు తిరిగి వచ్చుట.

తరువాత దావీదు శుద్ధ హృదయమును సృజించుమని వేడుకొనెను. ఆదికాండము మొదటి వచనములో దేవుడు భూమ్యాకాశములను సృజించుటకు వాడిన క్రియాపదమే ఇచ్చటను ఉన్నది. పాత గుడ్డకు మాసిక వేయుట కాదు, లేనిదానిని కలుగజేయుట. అది మన పట్టుదలవలన కాదు, దేవుని చేతివలననే జరుగును.

అయినను క్షమాపణ పొందినంత మాత్రమున ఫలితములన్నియు తొలగిపోలేదు. బిడ్డ మరణించెను. దావీదు లేచి, స్నానము చేసి, బట్టలు మార్చుకొని, మందిరమునకు వెళ్లి మ్రొక్కెను. కన్నీటితోనే ఆరాధనకు తిరిగి వచ్చెను.

ఇప్పుడు మేము చేసిన ఒక తప్పిదమును మీ యెదుట చెప్పుకొనవలెను. మేము పరిచర్యకు వచ్చిన తొలి సంవత్సరములలో ఒక గ్రామసంఘమున ఉంటిమి. అచ్చటి కోశాధికారి ఇంటిలో జబ్బు చేయగా, కోతల పండుగ వేలంపాట సొమ్ము 18,000 రూపాయలు వాడుకొనెను. రెండు నెలలు లెక్కలు తప్పించుచు వచ్చెను. ఒక రాత్రి మా యింటికి వచ్చి, గేదెను అమ్మిన డబ్బు తువ్వాలులో మూటగట్టి తెచ్చి మా ముందు పెట్టెను. కలిసి ప్రార్థించితిమి. ఆదివారమున ఆయన సంఘము ముందు నిలిచి తప్పు ఒప్పుకొనెను. పెద్దలు క్షమించితిమనిరి. సంగతి ముగిసినదని మేము తలంచితిమి.

ముగియలేదు. ముందు చాపపై కూర్చుండు ఆ మనిషి ఆనాటినుండి చెప్పులు విడుచు చోట, గుమ్మము ప్రక్కన కూర్చుండెను. దక్షిణ ఇండియా సంఘము 1950లో వాడుకలోనికి తెచ్చిన ప్రభురాత్రి భోజన క్రమములో, కానుకలకు ముందు, ఒకరి చేతిని ఒకరు రెండు చేతులతో పట్టుకొని సమాధానము ఇచ్చుకొనుట గలదు. ఆ చేతులు వరుస వెంబడి వరుస సాగి, ఆయనకు ముందు వరుసలోనే ఆగిపోవుచుండెను. బల్లయొద్దనుండి మేము చూచుచునే యుంటిమి. కాలమే సర్దునని ఊరకుంటిమి. నాలుగు నెలలకు ఆయన గుడికి రావడము మానెను. మేము వెంటనే వెళ్లలేదు. ఆరు వారములకు గాని వెళ్లలేదు.

ఆయన అరుగుమీద చాప వేసి కూర్చుండబెట్టి, ఇట్లనెను: "అయ్యగారూ, దేవుడు క్షమించినాడని మీరు చెప్పినారు, నమ్మినాను. మనవాళ్లు క్షమించినారని కూడా మీరే చెప్పినారు. అది ఎట్లా నమ్మేది?"

మాకు జవాబు లేకపోయెను. ఆ అరుగుమీదనే మేము ఆయనను క్షమాపణ అడిగితిమి.

మరుసటి ఆదివారమున ఆయన వచ్చి గుమ్మము ప్రక్కనే కూర్చుండెను. వాడుక ప్రకారము గురువు తనకు సహాయపడువారికి సమాధానము ఇచ్చును, వారు దానిని సంఘమునకు అందింతురు. ఆ దినమున మేమే దిగి, గుమ్మము వరకు నడచి, మొదట ఆయన చేతిని పట్టుకొంటిమి. గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ముసలితల్లి, "అక్కడెందుకు నాయనా, ఇక్కడ చాప ఖాళీగా ఉంది, రా" అని పిలిచెను. ఆయన వెళ్లి కూర్చుండెను. అందరును మారిరని చెప్పలేము. రెండు కుటుంబములవారు ఏడాది వరకు ఆయనతో మాట్లాడలేదు. అయినను ఆయన మరల గుమ్మము యొద్దకు పోలేదు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయములో ఈ సంగతియే ఉన్నది. శిక్ష పొందినవానిని ఇక క్షమించి ఆదరించుడని, లేనియెడల అధిక దుఃఖములో వాడు మునిగిపోవునని ఆయన హెచ్చరించుచున్నాడు. క్షమించువాడు దేవుడే. చాపమీద చోటు ఇవ్వవలసినవారము మనము.

ప్రియులారా, మనలో పాపమును దాచుకొని కూర్చున్నవారు ఉన్నయెడల, ఇంకొక నెల గడవనియ్యకుడి. దావీదు కోరిన దానినే అడుగుడి. తిరిగి ఇవ్వగలిగినది తిరిగి ఇయ్యుడి. ఇవ్వలేనిదానిని సిలువయొద్ద విడువుడి. మిగిలిన మనము సంఘపు పుస్తకము తెరచి, పేరుండి మనిషి రానివారి యిండ్లకు ఈ శ్రమకాలములోనే వెళ్లుదము. మేము చేసినట్లు ఆరు వారములు ఆగవద్దు.

మనలను కడిగిన ప్రభువు మన చేతులను కూడ చాపనేర్పును గాక. ఆమేన్.