కొన్నవారు, చదివినవారు

ఒక వస్తువును చేయువానికి, దానిని మనసారా ప్రేమించువానికి మధ్య కాగితము మీద వ్రాయని ఒడంబడిక ఒకటి ఉండును. శ్రద్ధతో చేయుట ఒకని వంతు. నమ్మి తీసికొనుట మరియొకని వంతు. నచ్చని వస్తువు చెడిపోయినచో ఎవ్వరును విచారింపరు. మన అభిమానమును చూరగొన్నవాడే లాభమునకు లోబడి పనితనమును తగ్గించుచున్నాడేమో అని తోచినప్పుడు మనసు కలత చెందును.

నేడు వీడియో గేముల విషయమున ప్రపంచమంతటను ఈ కలత కానవచ్చుచున్నది. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 అను ఆట వెలువడిన సందర్భమున, వెల యిచ్చి కొన్నవారిచేతనే ఆటలోపల మరల డబ్బు పెట్టించు పద్ధతిని చూచి ఆటగాండ్రు పెద్దయెత్తున నిరసన తెలిపినారు. విడుదలకు ముందే ఆ చెల్లింపులను ప్రచురణకర్తలు తాత్కాలికముగా నిలిపివేయవలసి వచ్చినది. లోపల ఏమున్నదో తెలియకుండ డబ్బిచ్చి తెరవవలసిన పెట్టెలు కొన్ని ఆటలలో ఉన్నవి. అవి జూదము క్రిందికే వచ్చునని 2018లో బెల్జియము అధికారులు తేల్చినారు.

ఇట్టి దిగులు తెలుగువారికి క్రొత్తది కాదు. వీడియో గేములు రాకపూర్వము మన పిల్లలు నెలనెలా ఎదురుచూచిన వినోదము చందమామ. 1947 జులైలో మద్రాసు నుండి తెలుగు, తమిళ భాషలలో ఆ పత్రిక ప్రారంభమైనది. స్థాపకులలో ఒకరైన బి. నాగిరెడ్డిగారు కడప జిల్లా పొట్టిపాడులో 1912లో జన్మించినవారు. రెండవవారైన చక్రపాణిగారు తెనాలి ప్రాంతమువారు. నాగిరెడ్డిగారిది, మన సీమలో ఎర్రగడ్డలని పిలుచుకొను ఉల్లిని ఎగుమతి చేసిన వర్తక కుటుంబము. లాభనష్టముల లెక్క ఆయనకు ఒకరు నేర్పవలసినది కాదు.

అయినను ఆ పత్రిక నడచిన తీరు చూడుడు. 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు కథల భారమును వహించినారు. వచ్చిన కథను పిల్లలకు సులువుగా అందునట్లు తిరిగి వ్రాయుట ఆయన నిత్యకృత్యము. పత్రిక మీద మాత్రము సంపాదకునిగా ఆయన పేరు ఉండెడిది కాదు. బొమ్మలకు వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, శంకర్ వంటి చేయితిరిగినవారు ఉండిరి. పేరెన్నికగన్న రచయితను తెరవెనుక కూర్చుండబెట్టి, పదేండ్ల బాలుడు చదువు పుటకొరకు అంత శ్రమ చేయించుట ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చును వారు దండుగ అని తలంపలేదు.

చలనచిత్రములందును ఇదే కానవచ్చును. నాగిరెడ్డిగారి అన్న బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరి, నాగిరెడ్డి-చక్రపాణుల విజయా సంస్థ నిర్మించిన పాతాళభైరవి, రెండును 1951లోనే విడుదలయినవి. డబ్బు విషయమున పాతాళభైరవికి దక్కినంత విజయము మల్లీశ్వరికి దక్కలేదు. అయితే పాతాళభైరవికి దర్శకత్వము వహించిన, తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డిగారు జనరంజకమైన చిత్రమే కదా అని పనితనములో రాజీపడలేదు. లాభమునకు, నాణ్యతకు పుట్టువైరము లేదని ఈ రెండు చిత్రములును చెప్పుచున్నవి. ఏది ముందు, ఏది వెనుక అనునదే ప్రశ్న.

ఇక్కడ ఒక లెక్కను గమనింపవలెను. కర్నూలు, కడప జిల్లాల మెట్టపల్లెలలో చందమామను కొనగలిగిన ఇండ్లు కొన్నియే. కాని ఇంటిలో అక్క చదివిన పిమ్మట తమ్ముడు, తమ్ముని పిమ్మట ప్రక్కింటి పిల్లలు, చదువురాని అవ్వకు వినిపించు మనుమరాలు, ఇట్లు ఒక్క ప్రతి వీధియంతయు తిరిగెడిది. అట్ట ఊడిన తరువాత సంవత్సరపు సంచికలన్నియు కలిపి కుట్టించి దాచుకొన్నవారును ఉన్నారు. లాభము లెక్కించునది కొన్నవారిని. నాణ్యత లెక్కించునది చదివినవారిని. కొన్నవారి లెక్క మాత్రమే చూచు యజమానికి, కాగితము కొంత పలుచన చేసినను, కథను తిరుగవ్రాయించుట మానినను తేడా వెంటనే తెలియదు. తెలియునాటికి చదువువారు మరలిపోయి ఉందురు.

చందమామ 1998లో ఆగి, 1999 చివర తిరిగి ప్రారంభమైనది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అను సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి పోయినది. పాత చందమామ రూపు మారునేమో, పేరును అమ్ముకొని పనితనమును వదలుదురేమో అని పాఠకులు కలవరపడినారు. న్యాయముగా చెప్పవలెనన్న, పాత సంచికలను అంతర్జాలములో అందరికిని అందుబాటులో ఉంచిన మేలు ఆ సంస్థదే. కాని ముప్పు వేరొక దిక్కునుండి వచ్చినది. సంస్థయే అప్పులలో కూరుకొనిపోగా, 2013 నాటికి పత్రిక ఆగిపోయినది. ప్రేమతో పెంచిన వస్తువు మరియొక వ్యాపారపు ఖాతాలో ఒక పంక్తిగా మారినప్పుడు, ఆ వ్యాపారము మునిగిన దినమున అదియును మునుగును. పాఠకుల అభిమానమునకు ఆ ఖాతాలో వెల కట్టగలరు కాని, దానిని కాపాడు పూచీ ఎవరిమీదను ఉండదు.

మన రైతుకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వాన ముఖము చాటేసిన యేట ఎంత అక్కర వచ్చినను విత్తనపు వేరుసెనగను గాదెనుండి తీయుటకు వెనుకాడును. దానిని అమ్మిన చేతికి నాలుగు రూకలు వచ్చునని ఆయన ఎరుగును. మరుసటి కారుకు చేను బీడగునని కూడ ఎరుగును. జనుల నమ్మకము తయారీదారునకు విత్తనము వంటిది. పంటను అమ్ముకొని బాగుపడుట తప్పు కాదు. విత్తనమును అమ్ముకొనుట తప్పు.

అభిమానులకును ఒక బాధ్యత గలదు. ఇష్టమైనదానిని ఊరక పొందవలెనని కోరుచు, అది నాణ్యముగ ఉండవలెనని పట్టుబట్టుట ధర్మము కాదు. కొనగలిగినవారు కొనవలెను; చెడినచోట చెడినదని స్పష్టముగ చెప్పవలెను; బాగున్నచోట ఆ సంగతియును చేసినవాని చెవిని వేయవలెను. కొన్నవారు నిలిపిన వస్తువే చదివినవారందరికిని చేరును. మన పిల్లల చేతికి రేపు వచ్చునది పుస్తకమైనను, ఆటయైనను, దానిని చేయువాడు కొన్నవారితోపాటు చదివినవారిని, ఆడినవారిని కూడ లెక్కలో ఉంచుకొనునట్లు చూచుట మన చేతిలోను కొంత ఉన్నది.