చూసి నేర్చేవి

భూపాలపల్లి జిల్లా టేకుమట్లలో గానీ, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గానీ, బతుకమ్మను పేర్చడం పిల్లలకు కూర్చోబెట్టి ఎవరూ నేర్పరు. తల్లి తాంబాళంలో గుమ్మడాకులు పరచి, తంగేడు, రంగులద్దిన గునుగు వరుసలు పేరుస్తుంటే, పక్కనున్న పిల్ల చిన్న పళ్ళెంలో పిల్ల బతుకమ్మను పేర్చేస్తుంది. చప్పట్లు, అడుగు, వంగడం అన్నీ చూపుతోనే వస్తాయి.

అయితే ఆ చూపు పండుగనాడే పనిచేసి ఊరుకోదు కదా! అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ బందూరా 72 మంది చిన్నపిల్లలతో చేసిన పరీక్ష 1961లో వెలువడింది. కొందరి ఎదుట పెద్దవాళ్ళు గాలిబొమ్మను సుత్తితో మోదారు, కసిరారు. మరికొందరి ఎదుట నెమ్మదిగా తమ పని తాము చూసుకున్నారు. తర్వాత ఆ బొమ్మ దగ్గర వదిలితే, మోదడం చూసిన పిల్లల్లో చాలామంది అవే దెబ్బలు, అవే మాటలు! కొట్టమని ఎవరూ చెప్పలేదు సుమండీ.

ఇక మన ఇళ్ళ సంగతి. పనిమనిషి ఓ పూట ఆలస్యమైతే మనం తీసే గొంతు, “నాన్న ఇంట్లో లేరని చెప్పు” అంటూ వాకిట్లోకి పంపే అబద్ధం, ఇవి పిల్లలకు పట్టవనుకుంటాం. వాళ్ళ బొమ్మలాట దగ్గర కాస్త చెవి పెట్టండి. అమ్మ వేషం కట్టిన పిల్ల పనిమనిషిని ఏమంటున్నదో వింటే, ఆ మాట ఎవరిదో మీకే తెలుస్తుంది. పిల్లను కోప్పడకండి. రేపు పనిమనిషి వచ్చినప్పుడు, పిల్ల అక్కడుండగానే, “కూర్చోమ్మా, ముందు చాయ తాగు” అనండి.