వేవిళ్ళు హద్దు దాటితే



నూలు ధర, రిబేటు బాకీ ప్రతి సభలోనూ మాట్లాడేవే. ఈసారి మేము గర్భిణీల వాంతుల గురించి చెప్తాం. నవ్వకండి.

ఈ జబ్బు మీద డాక్టర్ల పరిశోధన సమావేశం జరిగితే మేము ముగ్గురం కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ పోయి వెనక వరసలో కూర్చున్నాం. మగ్గంవాళ్ళకు అక్కడేం పని అని కొందరు అడిగారు. మా సంఘంలో ఒక ఇంటి కోడలు మూడో నెలలో మంచం పట్టింది. నూలుకు పెట్టే గంజి వాసన తగిలితే చాలు, తాగిన నీళ్ళు కూడా బయటికే. కండెలు చుట్టే మనిషి లేక మగ్గం నిలిచింది. అత్తగారేమో "మేమూ కన్నాం, ఇట్లా పడుకున్నామా" అనింది. ఆ మాట మన ఇళ్ళన్నిట్లో ఉన్నదే. అందుకే వెళ్ళాం.

వేవిళ్ళు, అరవంలో మసక్కై అంటామే, చాలామందికి వస్తాయి, నాలుగైదు నెలలకు తగ్గుతాయి. ఇది వేరు. వందమంది గర్భిణీల్లో మహా అయితే ఇద్దరు ముగ్గురికి వస్తుంది. హైపరెమెసిస్ అంటారు. 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గిపోయిందంటే, రోజంతా నీళ్ళు నిలవలేదంటే, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వస్తుంటే ఇంట్లో ఉంచకూడదు.

కారణం ఇన్నాళ్ళూ తెలియదు. మనసులో ఉన్నదే వాంతిగా వస్తుందని పెద్ద డాక్టర్లే అన్న కాలం ఉంది. అమెరికాలో మార్లీనా ఫెజో అనే శాస్త్రవేత్త 1999లో ఈ జబ్బుతోనే బిడ్డను పోగొట్టుకుంది. అప్పట్నుంచి ఆమె పట్టు వదల్లేదు. 2023 డిసెంబరులో కేంబ్రిడ్జి వాళ్ళతో కలిసి నేచర్ పత్రికలో కారణం చూపించింది. కడుపులోని బిడ్డ, మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. ముందు నుంచే అది ఒంట్లో కొంత ఉన్న మనిషి తట్టుకుంటుంది, తక్కువగా ఉన్న మనిషికి ఒక్కసారిగా పెరిగితే తట్టుకోలేదు. మన రంగుల గది లాగే. రోజూ ఉండేవాడికి ఘాటు తెలియదు, కొత్తవాడు లోపల అడుగు పెడితే కళ్ళు మండిపోతాయి. అత్తకు రానిది కోడలికి వచ్చిందంటే నటన కాదు.

వైద్యంలో ఒక సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. రోజుల తరబడి తిండి నిలవని మనిషికి బి1 విటమిన్ అడుగంటుతుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగలొచ్చు. వీధి చివర గ్లూకోజ్ సీసా పెట్టించుకుని వచ్చేయడం మనకు అలవాటు కదా! అది మానండి. పెద్దాసుపత్రికి పోండి, 108కి ఫోన్ చేయండి, "బి1 ఇచ్చారా" అని అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

మాత్రలంటే భయం ఉంది. ఊరికే వచ్చిన భయం కాదది. 1950ల చివర్లో జర్మనీలో మొదలై చాలా దేశాల్లో వేవిళ్ళకు థాలిడోమైడ్ వాడితే వేలమంది పిల్లలు చేతులు కాళ్ళు సరిగా లేకుండా పుట్టారు. 1961లో దాన్ని ఆపేశారు. ఇప్పుడు డాక్టర్లు రాసే డాక్సిలమైన్, బి6 కలిపిన మాత్ర అది కాదు. దీన్ని ఎన్నో ఏళ్ళుగా గర్భిణీలకు ఇస్తున్నారు.

ఇక కార్యదర్శులకు ఒక మాట. అలాంటి ఇంటికి ఇచ్చిన పడుగుకు గడువు పెంచండి. కండెలు సంఘంలోనే చుట్టించి పంపండి. మేము రెండు నెలలు అట్లే పంపాం, చుట్టుకూలి సంఘం ఖాతాలోనే వేసుకున్నాం. ఆడిట్‌కు వచ్చినాయన ఇదేం పద్దు అని అడిగారు. మసక్కై పద్దు అని చెప్పాం, అట్లే రాసుకున్నారు.