చూపు ఎచ్చట మసకబారును?

చూపు తగ్గినదని చెప్పుకొనువారిలో పెక్కుమంది దానిని ఒకే జబ్బుగా భావింతురు. వయసు మీరినవారైనచో శుక్లమనియు, పడుచువారైనచో నీరసమనియు ఇంటిలోనే నిర్ణయము జరిగిపోవును. కాని మసక కంటిలో ఏ భాగమున పుట్టినదో తెలియనిదే, పోయిన చూపు తిరిగి వచ్చునో రాదో చెప్ప వీలులేదు.

పెద్దవారి కంటిగ్రుడ్డు ముందునుండి వెనుకకు రమారమి 24 మిల్లీమీటర్లు. ముందు భాగమున గడియారపు అద్దమువలె అమరియున్నది కార్నియా యను స్వచ్ఛపటలము. దాని మందము సుమారు అర మిల్లీమీటరు. అందు రక్తనాళ మొక్కటియు లేదు. కంటిలోనికి వచ్చు వెలుతురును వంచు శక్తిలో దాదాపు మూడింట రెండు పాళ్లు దీనిదే. దాని వెనుక రంగుతెర, ఆ తెర నడుమ కంటిపాప, ఆ వెనుక కటకము, చిట్టచివర రెటీనా. అచ్చట పడిన బొమ్మను దృష్టినాడి మెదడునకు చేర్చును.

అచ్యుతాపురము వంటి చోట ఈ భాగములు ఒక్కొక్కటి ఎట్లు దెబ్బతినునో చూడవచ్చును. అచ్చటి ప్రత్యేక ఆర్థిక మండలిలో వెల్డింగు చేయువారు ముఖకవచము లేక మంటను చూచినచో అతినీలలోహిత కిరణములు కార్నియా పైపొరను కాల్చును. బాధ అప్పుడే తెలియదు. కొన్ని గంటల పిమ్మట, తరచు రాత్రివేళ, కంటిలో ఇసుక పోసినట్లుండును. అప్పుడు చనుబాలు, ఆకుపసరు పోయుట మన ప్రాంతపు పాత అలవాటు. పసరులోని సూక్ష్మజీవులు పుండు చేసి, శాశ్వతముగా మచ్చ మిగుల్చగలవు. రసాయనము పడినచో మాత్రము క్షణము జాగు చేయక మంచినీటిధారతో కనీసము పావుగంట కడిగి, పిమ్మటనే ఆసుపత్రికి పోవలెను.

దుస్తుల కర్మాగారములలో కుట్టుపని చేయు స్త్రీలకు నలువది దాటగానే సూదిలో దారమెక్కదు. కటకము సాగుగుణమును కోల్పోవుటయే చత్వారము. నలువది అను సంఖ్య ఆ పేరులోనే ఉన్నది. కండ్లజోడు పెట్టుకొనిన కన్ను పాడగునను భయము నిరాధారము.

కటకమే తెల్లబారినచో శుక్లము. అది ముదురువరకు ఆగవలెనను మాట నేడు చెల్లదు. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ కంటిలో తొలిసారిగా కృత్రిమ కటకము అమర్చిన పిదప, శస్త్రచికిత్స తరువాత సోడాబుడ్డి అద్దములతో బ్రతుకవలసిన గతి క్రమముగా తొలగినది. 1996–2000 నడుమ ఆంధ్రప్రదేశములో పదివేలకు పైగా ప్రజలను పరీక్షించినప్పుడు, అంధత్వములో నూటికి 60 పాళ్లు శుక్లము వలనను, సరియైన కండ్లజోడు లేకపోవుట వలనను కలిగినవే. అనగా మరల తెచ్చుకొనదగిన చూపే!

మేము ఎక్కువగా భయపడునది వేరొకటి కలదు: నీటికాసులు. కంటి ముందుభాగమున నిరంతరము ఊరుచుండు ద్రవము సరిగా బయటికి పోనిచో ఒత్తిడి పెరిగి దృష్టినాడి నశించును. సాధారణముగా కనబడు రకములో నొప్పి లేదు, ఎరుపు లేదు. ముందుగా ప్రక్కచూపు పోవును. ఒక కంటి లోపమును రెండవది కప్పిపుచ్చును. ద్వారబంధమునకు భుజము తగులుచున్నను అక్షరములు కనబడుచుండుటచే రోగికి అనుమానము రాదు. పై పరీక్షలలో ఈ జబ్బు బయటపడినవారిలో అత్యధికులు అంతవరకు దానిని ఎరుగనివారే.

మధుమేహముచే రెటీనా రక్తనాళములు చెడుటయు ఇట్టిదే. ఏటేట కనుపాపను మందుతో విప్పార్చి చూపించుకొనవలెను.

నీటికాసులకు ఇచ్చు చుక్కలమందు పోయిన చూపును తేదు, మిగిలినదానిని నిలుపును. ఈ సంగతి ముందుగా చెప్పనిచో, గుణము కానరాలేదని రోగి రెండు నెలలకే సీసా ప్రక్కన పెట్టును. కావున మందు వ్రాయునాడే మేము ఈ మాట విడమరచి చెప్పుచున్నాము. తోబుట్టువులకు వచ్చు అవకాశము హెచ్చు గనుక, అన్నదమ్ములను అక్కచెల్లెండ్రను గూడ పరీక్షకు తోడ్కొని రమ్మనుచున్నాము. విశాఖపట్టణములోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి అచ్యుతాపురమువారికి ఒక్క పూట ప్రయాణమే.