చక్రములపై పనిశాల



రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూసెడివాడు మన ఊళ్ళకు వచ్చుచుండిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. చెట్టుక్రింద చిన్న గుంట త్రవ్వి, తోలుతిత్తి నమర్చి, బొగ్గులు రాజవేసి, తగరమును నవాసారమును చేతికందు దూరమున నుంచుకొని, ప్రొద్దుగ్రుంకులోపల ఊరివారి గిన్నెలన్నియు తెల్లగా మెరయునట్లు చేసి పోవుచుండెను. అతని పనిశాల యావత్తు అతని భుజముపై ఇమిడెడిది. సానపట్టువాడును అంతే, త్రొక్కుడుచక్రమే అతని కార్ఖానా. కనుక చక్రములపై పనిశాల అనగానే ఇది పరదేశపు వింతయని తలపవలదు.

వడ్రంగికి, కమ్మరికి మాత్రము ఆ కాలమున ఊరు విడిచి తిరుగవలసిన అగత్యము లేకుండెను. నాగలి, కర్రు, గుంటక, బండిచక్రము ఉన్నంతకాలము ఊరే వారిని పోషించెను. కళ్ళములో ధాన్యము కొలుచునపుడు వారి మేర వారికి కొలిచి యిచ్చెడివారు. ట్రాక్టరు వచ్చినది, కర్రనాగలి మూలబడినది, మేర ఆగినది. అట్లని పని లేకపోలేదు. ఇనుపగేట్లు, పంపుసెట్లు, ట్రాక్టరు పనిముట్లు, సముద్రతీరమున పడవల యంత్రములు, ఇట్లు మరమ్మతు కోరునవి పూర్వముకంటె హెచ్చినవి. అయితే ఆ పని ఒక్కచోట లేదు. ఈ ఊర రెండు దినములు, ఆ ఊర ఒక పూట.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫు దేశములకు, సింగపూరుకు పోవు యువకులెందరో కలరు. చేతిపని బాగుగా నేర్చి తిరిగివచ్చినవాడు సొంత ఊర దుకాణము తెరచి, ఈగలు తోలుకొనుచు కొన్ని నెలలు గడపి, మరల విమానమెక్కుట మేము చూచుచున్నాము. పని యున్నచోటికి దుకాణమే పోగలిగినచో వానిలో కొందరైన ఇంటిపట్టున నిలువగలరని మా నమ్మకము.

ట్రాక్టరునకో, చిన్న వ్యానునకో తగిలించు ఒంటి ఇరుసు ట్రైలరు, పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గలది, మొదటి ప్రయత్నమునకు చాలును. ఇందు ప్రధానమైనది బరువు సర్దుట. ఎడ్లబండి తోలినవారికి ఈ శాస్త్రము చెప్పనక్కరలేదు. వెనుకబరువైన కాడి పైకి లేచి ఎద్దు గొంతు బిగియును. ముందుబరువైన మెడ క్రుంగును. ట్రైలరు విషయమును అట్టిదే. సామానుతోగూడ మొత్తము 1000 కిలోలైనచో, 100 మొదలు 150 కిలోల భారము ముందరి కొక్కెముపై పడవలెను. అంతకు తగ్గి, బరువు తోకకు చేరినయెడల, వేగమందుకొనగానే బండి అటునిటు ఊగి, లాగు వాహనమునే త్రోవ తప్పించును.

దాగలి బరువైనది గనుక ఇరుసు దాపున నుండవలెను. కాని దానిని బండిపై నుంచి సమ్మెట వేయరాదు. స్ప్రింగులు దెబ్బను మ్రింగివేయును. ఇనుము సాగదు, చేయి నొచ్చును. దానిని నేలపై మొద్దున దింపియే కొట్టవలెను. కావున చక్రమునకు కొంచెము ముందు ప్రక్కతలుపు పెట్టుట మేలు. అదియు ఎడమప్రక్కనే. మన త్రోవలలో ఎడమకు ఆపుదుము గనుక పనివాడు లారీల కెదురుగా గాక, గట్టువైపున నిలిచి పనిచేసుకొనును. ఆ తలుపునే పైకెత్తి కట్టిన ఎండకు, వానకు పందిరియగును. కొక్కెము విప్పినపిదప నాలుగు మూలల ఊతకాళ్ళు దింపనిదే ఎవ్వరును లోనికెక్కరాదు.

విద్యుత్తు సంగతి. ఒక అశ్వశక్తి యనగా 746 వాట్లు. చిత్రికపట్టు యంత్రమునకు ఆ మాత్రపు మోటారున్నచో, ఒక కిలోవాటు జనరేటరు చాలునని అనుకొందురు. చాలదు. మోటారు కదలునపుడు నడకలో లాగుదానికి అనేక రెట్లు విద్యుత్తు లాగును. సుమారు మూడు కిలోవాట్ల జనరేటరు కావలెను. పెట్రోలు డబ్బాను కొలిమికి, వెల్డింగు రవ్వలకు దూరముగా వేరే అరలో నుంచవలెను. గ్యాసు సిలిండరును నిలువుగా గొలుసుతో బంధించి, ఆ అర అడుగున గాలిరంధ్రములు విడువవలెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాసకు చేరువలో తీరము దాటినపుడు ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. రంపము తిప్పుటకు, పంపు బాగుచేయుటకు, కూలిన చెట్టును అక్కడికక్కడే కోయుటకు తన విద్యుత్తు తానే తెచ్చుకొను బండి అట్టివేళ ఎంత అక్కరయో వేరుగ చెప్పనేల?

భావనపాడు, కళింగపట్టణము వంటి తీరగ్రామములలో ఇసుక బండిని ముందుకు పోనీయదు. త్రోవ చివరనే ఆపి, ఇద్దరు మోయదగిన పెట్టెలో పనిముట్లు పడవకడకు కొనిపోవలెను. ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పుపట్టును గనుక నూనెగుడ్డ ఆ పెట్టెలోనే యుండవలెను. సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండదారులకు ట్రైలరునకే బ్రేకులుండుట మంచిది. అచ్చట సంతరోజున చేరినచో చుట్టుపట్ల గూడెములవారందరు కొడవళ్ళు, గొడ్డళ్ళు తెచ్చుకొందురు.

అన్ని వృత్తులకు చక్రములు తగవు. బొబ్బిలి వీణ చేయు శిల్పికి ఆరిన పనసదుంగయు, నిలుకడయైన చోటును, కదలని మనస్సును కావలెను. బుడితి కంచుపనివారి మూసలు, కొలుములు కుదుపునకు నిలువవు. వారిని బండెక్కింపజూచుట అవివేకమని మా అభిప్రాయము.

ఖర్చు ఒక్కని వలన తేలునది కాదు. 2023 సెప్టెంబరు 17న ఆరంభింపబడిన కేంద్ర ప్రభుత్వ విశ్వకర్మ పథకము వడ్రంగి, కమ్మరి మున్నగు 18 వృత్తులవారికి ఉద్దేశింపబడినది. పనిముట్లకు 15,000 రూపాయలు, హామీ లేకుండ రెండు విడతలలో 3 లక్షల వరకు 5 శాతము వడ్డీకి అప్పు అందు కలవు. వడ్రంగి, కమ్మరి, విద్యుత్పనివాడు ముగ్గురు కలిసినచో బండి సాగును. ఎవరి దినము ఏది, టైరు పగిలిన ఎవరు పెట్టవలెను అనునవి ముందే కాగితముపై వ్రాసికొనుడు; స్నేహము చెడునది అచ్చటనే. ట్రైలరును రిజిస్టరు చేయింపుడు. వెనుక ఎర్రదీపములు లేక రాత్రివేళ పెద్దరోడ్డుపై నిలిచిన ట్రైలర్లు ఎన్ని ప్రాణములు తీసినవో మీరెరుగుదురు.

బండి కట్టించుటకు పోకమునుపు మాత్రము ఒక పని చేయుడు. మీ వాకిట సుద్దముక్కతో పదియడుగులు, ఆరడుగుల గీత గీసి, బల్ల, పెట్టెలు, జనరేటరు అందు సర్ది, తలుపు చోటు గుర్తించి, గీత దాటకుండ రెండు దినములు పనిచేసి చూడుడు. మోచేయి ఎచ్చట తగులునో, పొడుగు పలక ఎటు త్రిప్పవలెనో అపుడే తెలియును. సుద్దగీత చెరిపి మరల గీయుటకు ఖర్చు లేదు. అతికిన ఇనుమును కోయుటకు కలదు.