కళాకారుని కంఠము ఎవరి సొత్తు?



గ్రంథాలయములో పుస్తకము పుచ్చుకొను పద్ధతి సభలోని వారందరికిని తెలిసినదే. పాఠకుడు కోరిన పుస్తకమును గ్రంథపాలకునకు చూపి, రిజిస్టరులో సంతకము చేసి ఇంటికి తీసికొనిపోవును. పుస్తకము అందరి కొఱకు ఉన్నదే. అయినను చెప్పకుండ చంకన పెట్టుకొనిపోవుట తప్పు. ఈ మర్యాద పాటకును, మనిషి ముఖమునకును, కంఠమునకును వర్తించునా అనునది నేటి ప్రసంగ విషయము. అనకాపల్లి జిల్లా సబ్బవరములోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము వెలసియున్నది. న్యాయశాస్త్రము ఊరిలోనే బోధింపబడుచుండగా, అందలి ఈ ఒక్క ముక్క ఊరివారికి తెలియకుండుట తగదు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము పాట వినని తెలుగిల్లు అరుదు. హరికథా విద్వాంసుడైన సాంబమూర్తి కుమారుడాయన. 1966లో సినిమాకు తొలిపాట పాడి, పలు భాషలలో వేలకొలది పాటలతో దేశమును అలరించి, 2020 సెప్టెంబరు 25వ తేదీన చెన్నైలో కన్నుమూసిరి. అనుమతి అను ప్రశ్న ఆయనను రెండు మారులు తాకినది. ఒకమారు జీవితకాలమున, ఒకమారు మరణానంతరమున.

మొదటిది 2017లో జరిగినది. గాయకజీవితము ఏబదియేండ్లు నిండిన సందర్భమున ఆయన అమెరికాలో కచేరీలు చేయుచుండగా, సంగీతదర్శకుడు ఇళయరాజా పక్షమున న్యాయవాది నోటీసు వచ్చినది. తాను స్వరపఱచిన పాటలను తన అనుమతి లేక వేదికపై పాడరాదని దాని సారాంశము. ఇట్టి నిబంధన సంగతి తనకు తెలియదనియు, చట్టమునకు లోబడి ఇతరుల స్వరరచనలు పాడెదననియు బాలసుబ్రహ్మణ్యము ప్రకటించిరి. పాడినవానికే పాడరాదనుట ఏమి న్యాయమని పలువురు అభిమానులు నొచ్చుకొనిరి. కాని పాట ఒక్కరి సృష్టి కాదు. పదము వ్రాసినవాడొకడు, బాణీ కట్టినవాడొకడు, పాడినవాడొకడు. 1957 నాటి కాపీరైటు చట్టము మొదటి యిద్దరి కృతులను వారి జీవితకాలమే గాక, మరణించిన పిమ్మట అఱువదియేండ్ల వఱకు కాపాడుచున్నది. పాడువానికి తన ప్రదర్శనముపై హక్కు 1994 నాటి సవరణతో ఏర్పడినది. సినిమా పాటపై స్వరకర్తకు ఎంత, నిర్మాతకు ఎంత అను వ్యాజ్యములు వేఱుగా నడచినవి. ఏమైనను ఆ మిత్రులిద్దరును 2019లో మరల ఒకే వేదికపై కలిసిరి.

రెండవది అంత సులువుగా తీరునది కాదు. 2023 నవంబరులో విడుదలయిన 'కీడా కోలా' అను తెలుగు చిత్రములో బాలసుబ్రహ్మణ్యము కంఠము వినిపించినది. అది ఆయన పాడినది కాదు. కృత్రిమ మేధ అను యంత్రవిద్యతో కల్పించినది. కుటుంబమునకు తెలుపకుండ ఆ పని చేసిరని కుమారుడు చరణ్ 2024 జనవరిలో చిత్రనిర్మాతలకును, సంగీతదర్శకునకును నోటీసు పంపిరి. యంత్రవిద్యపై తమకు ద్వేషము లేదనియు, అడుగకుండ వ్యాపారమునకు వాడుటయే బాధాకరమనియు ఆ కుటుంబము చెప్పినది.

అదే జనవరిలో మఱియొక పాట వెలువడినది. 'లాల్ సలామ్' అను తమిళ చిత్రమునకై ఎ.ఆర్. రహమాన్ దివంగతులైన బంబా బాక్యా, షాహుల్ హమీద్ అను గాయకుల కంఠములను ఇదే విద్యతో తిరిగి పలికించిరి. వారి కుటుంబముల అనుమతి తీసికొని, తగిన పారితోషికము పంపితిమని ఆయన ప్రకటించిరి. రెండుచోట్లను విద్య ఒక్కటే. ఒకచోట అడిగిరి, మఱియొకచోట అడుగలేదని ఫిర్యాదు వచ్చినది.

చట్టము ఏమనుచున్నది? రికార్డయిన పాటకు రక్షణ కలదు గాని, కేవల కంఠస్వరమును కాపీరైటు చట్టము ఒక కృతిగా పేర్కొనలేదు. జీవించియున్నవారికి న్యాయస్థానములు వేఱు త్రోవ చూపినవి. అనుమతి లేక వ్యక్తి పేరును, రూపమును ప్రకటనలకు వాడుట అతని ఏకాంతహక్కునకు భంగమని 1994లో రాజగోపాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. నటుడు చిరంజీవి పేరును, రూపమును, కంఠమును అనుమతి లేక వాడరాదని 2025 సెప్టెంబరులో హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు తాత్కాలిక ఉత్తరువు ఇచ్చినది. కాని మరణించినవారి విషయము వేఱు. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన వ్యాజ్యములో, అట్టి హక్కులు ఆ వ్యక్తితోనే ముగిసినవని 2023లో ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడినది. చట్టము చేయి అందనిచోట మనిషి మర్యాదయే కాపలా కావలెను. మాట్లాడి కాదనలేనివాని విషయమున అడుగవలసిన బాధ్యత తగ్గదు, పెరుగును.

పాట ప్రజలది కాదా, ప్రతి కూనిరాగమునకు అనుమతి కావలెనా అని కొందఱు అడుగవచ్చును. చట్టము అంత కఠినము కాదు. పెండ్లి ఊరేగింపులో పాట వేయుటకును, ఔత్సాహిక సంఘము టిక్కెట్టు లేని సభలో నాటకమాడుటకును మినహాయింపు కలదు. సొంతముగా విని ఆనందించుటకు ప్రదర్శనమును రికార్డు చేసికొనుటయు నేరము కాదు. దానిని లోకమునకు పంచి, దానిపై రాబడి పొందుటతో అడుగవలసిన అవసరము పుట్టును.

పేరుమోసినవారికి న్యాయవాదులు కలరు. తప్పెటగుళ్ళు ఆడువానికిని, బుఱ్ఱకథ చెప్పువానికిని కోర్టు మెట్లెక్కు స్తోమత ఎక్కడిది? జాతరలో రాత్రియెల్ల గొంతు చించుకొని పాడిన పాటను ఎవరో ఫోనులో పట్టి, పేరైనను చెప్పక లోకమెల్ల త్రిప్పినచో, ఆ కళాకారునకు దక్కునది మఱునాటి గొంతునొప్పియే. కావున ఊరివారు మూడు పనులు చేయవచ్చును: పంచుటకు ముందు అడుగుట, పంచునప్పుడు పేరు చెప్పుట, రాబడి వచ్చినచో పాలు పంచుట.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము ఒక పని చేపట్టినచో బాగుండును. చుట్టుపట్ల గ్రామముల కళాకారుల పేర్లు, వారి కళలు, వారి పాటను ఎవరు ఎట్లు వాడుకొనుటకు వారు సమ్మతింతురో ఒక పుస్తకమున వారిచేతనే చెప్పించి వ్రాసి ఉంచవచ్చును. స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకము నిండి, అందలి ప్రతి పేరు ఆ పాటతోపాటు నిలిచియుండుగాక.