చల్ల కుండలో పాలిమర్ కెమిస్ట్రీ

వానాకాలంలో పోచంపాడ్ గేట్లు ఎత్తితే మన ఆర్మూర్ వాళ్లం చూడ్డానికి పోతాం కదా. అప్పుడు గోదావరి ఏ రంగులో ఉంటుంది? అచ్చం చాయ్ లెక్క. అందులో మన్ను ఎంత సన్నగా ఉంటుందంటే, నీళ్లు బిందెలో పట్టి రాత్రంతా పెట్టినా పూర్తిగా తేటపడవు. మన పెద్దోళ్లు చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు. ఇప్పుడు నీటి శుద్ధి ప్లాంట్లలో పటిక వేస్తారు, చాలాచోట్ల తోడుగా పాలీఅక్రిలమైడ్ అనే పాలిమర్ కూడా. దారం లాంటి పొడుగాటి అణువు అది. మన్ను రేణువుల్ని దండలా గుచ్చి కిందికి దించుతుంది.

దీన్ని తయారు చెయ్యడంలోనే తిరకాసు ఉంది. అక్రిలమైడ్‌ని నీళ్లలో కరిగించి రియాక్షన్ మొదలుపెడితే కాసేపటికే గట్టి జెల్లీ అయిపోతుంది. కలపలేం, పంపు చెయ్యలేం, లోపల పుట్టిన వేడి బయటికి రాదు.

దారి మన చల్ల కుండలోనే ఉంది. పాలంటే నీళ్లలో తేలే కొవ్వు చుక్కలు. వెన్న దానికి ఉల్టా, కొవ్వులో చిక్కిన నీటి చుక్కలు. కెమిస్టులు చేసేది ఈ రెండోదే. అక్రిలమైడ్ నీళ్లని నూనెలో సన్నటి చుక్కలుగా చిలికి, ఒక్కో చుక్క లోపల పాలిమర్ చేస్తారు. లోపల జెల్లీయే, కానీ చుట్టూ నూనె కాబట్టి సరుకు ధారగా కారుతుంది. దీని పేరు ఇన్వర్స్ ఎమల్షన్. 1962లోనే వాండర్‌హాఫ్ టీమ్ దీనిమీద పేపర్ పబ్లిష్ చేసింది.

ఆ చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే డ్రమ్ములో మిగిలేది ముద్దే. సబ్బు లాంటి చిన్న అణువుల్ని కాపలా పెట్టొచ్చు, కానీ అవి నిలకడగా ఉండవు, ఊడిపోతుంటాయి. అందుకే కోపాలిమర్ స్టెబిలైజర్. ఒకే గొలుసులో నీళ్లంటే ఇష్టమున్న ముక్క, నూనె అంటే ఇష్టమున్న ముక్క. మొదటిది చుక్కని గట్టిగా పట్టుకుంటుంది, రెండోది నూనెలోకి జుట్టులా చాచి పక్క చుక్కని దగ్గరికి రానివ్వదు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఒక రకం స్టెబిలైజర్‌లో ఆ జుట్టు హైడ్రాక్సీ స్టియరిక్ యాసిడ్‌తో చేస్తారు. అది వచ్చేది ఆముదం నుంచి. మన పాలమూరులో పండే అదే ఆముదం!

ప్లాంటులో వాడేటప్పుడు దీన్ని మళ్లీ ఉల్టా చేస్తారు. ఎక్కువ నీళ్లలో పోస్తే నూనె విడిపోయి, నిమిషాల్లో దారాలు విచ్చుకుంటాయి.

ఇది మాత్రం సీరియస్‌గా వినండి. పాలిమర్ వేరు, అక్రిలమైడ్ వేరు. అక్రిలమైడ్ నరాలకు విషం, సరుకులో అది కొంచెం మిగిలిపోతుంది. తాగే నీళ్లలో లీటరుకి 0.5 మైక్రోగ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంది. మరిగించినా పోదు. ఆన్‌లైన్‌లో ప్యాకెట్ దొరికింది కదా అని ఇంటి సంపులో వెయ్యకండి. ఇంటికి పటిక చాలు, ఎన్ని చుట్లు తిప్పాలో అమ్మనడగండి.